అద్దంలాంటి నీళ్లు, ఎర్ర నీళ్లు

జూన్ 14, ఆదివారం. కళ్లు తెరవగానే మంచం పక్కన మా చెల్లె శ్రావ్య... చేతిలో అడుగు కోసేసిన రెండు లీటర్ల సీసా!

"అక్కా, మా సారు నీళ్ల ఫిల్టర్ చేసుకరమ్మన్నడు. నువ్వు చిన్నప్పుడు చేసినవంట గదా... జర చెప్పవా?"

నవ్వుతూ అడిగింది. నేను సీసాను కాదు, ఆ నవ్వునే చూస్తూ ఉండిపోయాను...

మా చిన్నప్పుడు అంటే మరీ పాతకాలమేం కాదు. తెలంగాణ వచ్చిన రెండేళ్లకు... ఇప్పుడు చెల్లె ఉన్నట్టే నేనూ ఏడో తరగతి. చిట్యాల దగ్గర మా ఊరు. బాపు మగ్గం నేసేవాడు, అమ్మ కండెలు చుట్టేది. అవ్వ ఒకప్పుడు బాపు కంటే వేగంగా నేసేదట. అప్పటికి మోకాళ్లు వంగక, మగ్గం గుంటలోకి దిగలేక, గట్టు మీద కూర్చుని తెగిన పోగులు చూపించేది.

నా ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు... నవ్వొస్తే చెయ్యి దానంతటదే నోటికి అడ్డం పోయేది. ఫోటో తీస్తే పెదాలు కుట్టేసినట్టే ఉండేదాన్ని.

ఇదంతా బోరు నీళ్లలోని ఫ్లోరైడు వల్లేనని సైన్సు సారు చెప్పాడు. అప్పటికి చెల్లెకు రెండేళ్లు, నోట్లో పాలపళ్లు. ఆ తర్వాత వచ్చే పళ్లు నా పళ్లలా కావద్దు... అదొక్కటే నా పంతం.

సీసా అడుగు కోసి తలకిందులు చేశాను. మూతికి బాపు నేసిన గుడ్డను గంజి పోయేదాకా ఉతికి కట్టాను. దాని మీద దంచిన కట్టెబొగ్గు, కడిగిన వాగు ఇసుక, అన్నిటికీ పైన గులకరాళ్లు... బోరు నీళ్లు పోశాను. తళతళలాడుతూ దిగాయి! గంతులేసుకుంటూ పోయి సారుకు చూపించాను.

"పోసినప్పుడెట్లుండె?" అన్నాడు.

"గిట్లనే ఉండె సార్..."

"మరి ఏం వడగట్టినవు బిడ్డా? ఫ్లోరైడు కంటికి కనబడదు. ఇసుకకు, బొగ్గుకు లొంగదు. బురదైతే లొంగుతది. వాన నీళ్లు పట్టు... వడగట్టి, మరగబెట్టి మీ చెల్లెకు తాపు."

ఇంటికొచ్చి ఏడ్చాను. ఏడుపయ్యాక లేచి చూరు కింద గోలెం పెట్టాను. మొదటి వానను పెంకులు కడగడానికి వదిలేసి, రెండో వానకు నీళ్లు పట్టాను. అయినా ఎర్రగానే ఉన్నాయి, మట్టి వాసనతో...

అవి సీసాలో పోస్తుంటే పక్కింటి సత్తెమ్మ పెద్దమ్మ చూసింది.

"నీ సదువు సల్లగుండ! బోర్ల అద్దమసోంటి నీళ్లుండంగ, పసిపిల్లకు గీ ఎర్ర నీళ్లు తాపుతవానె?"

వాకిట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. అమ్మ కూడా చెల్లెను ఎత్తుకుని వెనక్కి జరిగింది.

అప్పుడు చేశాను... జీవితంలో మొదటిసారి. నోటికి అడ్డం పోయిన చేతిని దించి, పెదాలు విప్పి, పళ్లన్నీ చూపించాను.

"సూడు పెద్దమ్మా! గా అద్దమసోంటి నీళ్లే గిట్ల జేసినయి."

మగ్గం దగ్గరి నుంచి అవ్వ గొంతు వినిపించింది.

"నిలబడి సూస్తవేందే కోడలా? పొయ్యి మీద గిన్నె పెట్టు. పిల్ల వడగట్టిన నీళ్లు కాగాలె."

ఇంటికి నది నీళ్ల నల్లా వచ్చేదాకా చెల్లె ఆ నీళ్లే తాగింది. గోలెం ఎండిపోయే ఎండాకాలంలో బాపు చిట్యాల నుంచి సైకిల్ మీద ఫ్లోరైడు తీసేసిన నీళ్ల క్యాను మోసుకొచ్చేవాడు.

చెల్లెకు రెండో పళ్లు వచ్చాయి... కొత్త బియ్యంలా తెల్లగా. నా చారలు అలాగే ఉన్నాయి. ఉండనీ. ఇప్పుడు ఏ ఫోటోలోనైనా నోరారా నవ్వుతాను. సిగ్గుపడాల్సింది నా పళ్లు కాదు కదా!

ఇప్పుడు నల్లా తిప్పితే నీళ్లు... మా గోలెంలో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. తాగే నీళ్ల కోసం మబ్బు వైపు చూసేవాళ్లే లేరు. మీరు ఏ నీళ్లు తాగి పెరిగారు? ఎవరు నవ్వినా వినకుండా చేసిన పని మీకూ ఒకటి ఉండే ఉంటుంది... కింద రాయండి, అన్నీ చదువుతాను.

రేపు పొద్దున బడి గంట కొట్టకముందే చెల్లె, నేను వాగుకు పోతాం. లారీలు ఎత్తుకుపోగా మిగిలిన ఇసుక రెండు దోసిళ్లు దొరికితే చాలు. సీసాలో ముందు బోరు నీళ్లే పోయమంటాను. తళతళలాడుతూ దిగుతాయి... అది గంతులేస్తుంది... అప్పుడు అడుగుతాను.

"పోసినప్పుడెట్లుండె?"