కింద తాడు పట్టేవాడు

మొన్న వానలకు ముందు, కరెంటు తీగలకు తగులుతున్న కొమ్మలు కొట్టడానికి నారాయణఖేడ్ డిపో రోడ్డు మీదికి ఒక బండి వచ్చింది. దాని వెనక పొడుగాటి ఇనుప చెయ్యి, ఆ చేతి చివర మనిషి నిలబడే తొట్టి. మీట నొక్కితే తొట్టి పైకి లేస్తుంది. లోపలున్నవాడు చెట్టును ముట్టుకోకుండానే కొమ్మ కోసేస్తాడు. ఆ చప్పుడు విని, ఈ వయసులో కూడా ఆగలేక, చెప్పులు వేసుకుని చూడబోయాను. మా బావ నాకంటే ముందే అక్కడున్నాడు. ఎవరో టీ కొట్టు నుంచి కుర్చీ తెచ్చి వేశారు. బండివాళ్లు ఆయనను అడిగి మరీ కొమ్మ కోస్తున్నారు. నేను పక్కన నిలబడ్డాను. నాకు ఎవరూ కుర్చీ వెయ్యలేదు. కడుపులో పాత మంట చురుక్కుమంది.

ఆ మంట గురించి చెప్పాలంటే మా నాయన దగ్గర మొదలుపెట్టాలి. మాకున్నది కొద్దిపాటి చెలక, వాన పడితేనే పంట. మిగతా రోజులు మాకు అన్నం పెట్టింది చెట్లే. ఇంటి మీదికి ఒరిగిన వేప, గాలికి సగం విరిగి వేలాడే చింతకొమ్మ, ఇట్లాంటివి ఎవరి ఇంట ఉన్నా నాయనకు కబురు వచ్చేది. ఆయన సామానంతా ఒక గోనెసంచిలో పట్టేది: గొడ్డళ్లు, చేతిరంపం, మోకు, పదును పెట్టే ఆకురాయి. చెట్టు కిందికి పోగానే గొడ్డలి వెనకవైపుతో మానును తట్టి, చెవి ఆనించి వినేవాడు. బోలుగా పలికితే ఎవరినీ ఎక్కనిచ్చేవాడు కాదు. కోసిన చోట ఎర్రమట్టిలో పేడ కలిపి మెత్తితే గానీ ఆయన లెక్కలో పని అయినట్టు కాదు.

ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకడు ఎక్కి కోస్తాడు, ఇంకొకడు కింద తాడు పడతాడు. ఎక్కేది నాయన, తాడు పట్టేది నేను. కోయబోయే కొమ్మకు తాడు కట్టి, పైనున్న పంగలోంచి వేసి, కిందికి తెచ్చి మాను చుట్టూ తిప్పి పట్టుకోవాలి. కొమ్మ తెగిన క్షణాన దాని బరువంతా తాడు మీదికి వస్తుంది. మెల్లగా వదిలితే కొమ్మ బుద్ధిగా దిగుతుంది, తొందరపడితే కింద ఇంటి కప్పు పోతుంది. ఇంత చేసినా జనం చూసేది పైకే. తల ఎత్తి చూసేవాళ్లకు కిందివాడు ఎట్లా కనబడతాడు? అందుకని నాయన ఎప్పుడు దిగుతాడా, నేనెప్పుడు ఎక్కుతానా అని చూస్తుండేవాణ్ని.

అంతలో అక్క పెళ్లయింది. బావది కన్నడం కూడా మాట్లాడే కంగ్టి వైపు. హైదరాబాదులో బంగళాల తోటల్లో చెట్లు కత్తిరించే పని చేసి వచ్చినవాడు, పెళ్లయ్యాక మా పనిలోనే కలిశాడు. వస్తూ వస్తూ నడుముకూ తొడలకూ బిగించుకునే పట్టా, పసుపుపచ్చ టోపీ, పెట్రోలులో నూనె కలిపి పోస్తే గర్జించే కోత మిషను తెచ్చాడు. ఊహ తెలిసినప్పటి నుంచి నన్ను తన గొడ్డలి ముట్టనివ్వని నాయన, ఆ మిషను గొలుసు పళ్లకు బావ పెట్టిన పదును మీద వేలు ఆడించి, "అల్లుని చెయ్యి సాఫున్నది" అన్నాడు. నా చేతి గురించి ఆయన ఎన్నడూ ఏమీ అనలేదు. ఇక ఊళ్లో అందరిదీ అదే పాట. పని అడగడానికి వచ్చినవాళ్లు వాకిట్లో నన్ను చూసి, మీ బావ లేడా అని అడిగి వెళ్లిపోయేవాళ్లు. చివరికి అక్క కూడా, పుట్టింటికి వచ్చినప్పుడు, పొంగిన జొన్నరొట్టె ఆయన పళ్లెంలో వేసి, మాడింది నా వైపు తోసేది. నాయన ఎక్కడం మానేశాక బావ ఎక్కేవాడు, నేను తాడు పట్టేవాణ్ని. ఆయన మిషను కొంచెం మొరాయిస్తే బాగుండునని తాడు పట్టుకునే కోరుకున్న రోజులున్నాయి.

సిర్గాపూర్ దగ్గర ఒక చర్చి పెంకుల కప్పు మీదికి ముసలి చింత వాలింది. ఆరాధనకు వచ్చేవాళ్లకు భయంగా ఉందని పాస్టరు మనిషిని పంపాడు. మేమిద్దరం పోతుంటే నాయన కూడా వెంట వచ్చాడు. ఆయన మానును తట్టి చూసి బాగానే ఉందన్నాడు. మాను బాగానే ఉంది కానీ పైకొమ్మ లోపల చీమలు తినేసిన సంగతి కింది నుంచి ఎవరికీ తెలియలేదు. బావ సగం కోశాడో లేదో కొమ్మ నిలువునా చీలింది. చీలిక కిందికి జారి బావ కాలిని పంగకు వేసి నొక్కేసింది. మిషను ఆగిపోయి పట్టాకు వేలాడింది. కొమ్మ బరువంతా నా చేతుల్లోకి వచ్చింది. కాస్త వదిలినా కాలు నుజ్జవుతుంది.

చర్చి మనుషులు పరుగెత్తుకొచ్చారు. నాయన నా పక్కకు వచ్చి మోకు మీద చెయ్యి వేశాడు.

"తాడు నాకియ్యి. నువ్వెక్కు."

అన్నేళ్లుగా ఆ మాట కోసమే ఎదురుచూశాను. అది ఇట్లా వస్తుందనుకోలేదు. నడుముకు చేతిరంపం దోపుకుని ఎక్కాను. బావ ముఖం పాలిపోయి ఉంది. మెచ్చుకుంటాడేమో అనుకున్నాను. ఆయన నన్ను చూసి కోపానికొచ్చాడు.

"నువ్వు కిందున్నవనే గదా నేను ఎక్కేది. ఇప్పుడు నువ్వే పైకొస్తే కింద ఎవరున్నరు?"

"నాయిన ఉన్నడు" అన్నాను. కాలును పట్టుకున్న చీలికను కోస్తూ పోయాను. అది తెగే సమయానికి కింద నాయన, చర్చి మనుషులు కలిసి తాడు లాగారు. కొమ్మ బెత్తెడు లేచింది, కాలు బయటికి వచ్చింది. కొమ్మను దింపి, బావను దింపి, జీపులో దవాఖానకు తోలారు. కప్పు మీద ఒక్క పెంకు కూడా పగల్లేదు.

ఆ ఆదివారం చర్చిలో బావ కోసం ప్రార్థన చేశారు. అంత నొప్పిలోనూ కేక వెయ్యలేదని, గుండె గల మనిషని ఊరంతా చెప్పుకున్నారు. ఆయన చింతచెట్టును కన్నడంలో ఎంత తిట్టాడో దగ్గరున్న నాకు తెలుసు. నాయన మళ్లీ ఆ చెట్టు దగ్గరికి పోయి, నిచ్చెన వేసుకుని, నేను కోసిన చోట మట్టి మెత్తి వచ్చాడు. "కోత మంచిగ పడ్డది" అన్నాడు. ఇంకొక మాటేమైనా వస్తుందేమోనని నిలబడ్డాను. అల్లుడు ఏమన్నా తిన్నాడా అని అడిగాడు.

బావ కాలిలో రాడ్డు వేశారు. ఆయన మళ్లీ చెట్టెక్కలేదు. ఎక్కడం నా వంతయింది, తాడు ఆయన వంతు. ఇక నా రోజులొచ్చాయనుకున్నాను. కానీ పని అడగడానికి వచ్చినవాళ్లు కొత్త మాట మొదలుపెట్టారు: మీ బావ కింద ఉంటాడు కదా, అయితే మాకు భయం లేదు. నేను ఆకుల్లో మునిగి, ఎర్రచీమలు కుట్టించుకుంటూ కోస్తుంటే, జనం కింద ఆయన చుట్టూ చేరి, ఆయన తాడు వదిలే తీరు చూసి తలలూపేవాళ్లు. అన్యాయం ఏమిటంటే, ఆయన నిజంగానే బాగా పట్టేవాడు. ఆయన చేతిలో తాడు ఉన్నన్నాళ్లూ పైన నాకు ఏనాడూ కాళ్లు వణకలేదు.

నాయన పోయాడు, అక్క కూడా పోయింది. మాతో చెట్లెక్కినవాళ్లలో ఇప్పుడు మిగిలింది మేమిద్దరమే. ఆయన జుట్టు ఇంకా నల్లగానే ఉంది, నాది ఎప్పుడో తెల్లబడింది. అదీ నాకు కడుపుమంటే. అయినా కుళ్లుకోవడానికి ఒక మనిషిని నాకు ఇన్నేళ్లు మిగిల్చిందంటే, కాలం నా పట్ల కొంచెం దయగానే ఉందేమో.