మంచం కింది చామగడ్డలు

మర్రిగూడలో కుట్టుమిషన్ ముందు కూర్చుంటే అబ్దుల్ హమీద్ ఒక్క కుట్టు కూడా వంకర పోనివ్వడు. అదే మనిషి ఇంటి వెనక్కి అడుగు పెట్టాడంటే భార్య మెహరాజ్ గుండె గుభేలుమంటుంది. తానాల గది నీళ్లు పారే చోట ఆమె చామ వేసుకుంది. తల్లి పోయినప్పుడు పుట్టింటి పెరట్లోంచి కొంగున కట్టుకొచ్చిన విత్తనం. తల్లిదని చెప్పుకోవడానికి ఆమెకు మిగిలింది అదొక్కటే.

చలి ముదిరితే చామ ఆకు పచ్చబడి నేలకు వాలిపోతుంది. గడ్డ మాత్రం మన్నులో నిద్రపోయి వానలకు లేస్తుంది. ఈ ముక్క హమీద్ తలకెక్కించలేక మెహరాజ్ నోరు నొప్పి పుట్టింది. ఒక చలికాలం చామ చచ్చిపోయిందనుకుని ఆ జాగాలో ఇటుకలు పేర్చాడు. మరో ఏడు మేకను కట్టేశాడు.

"అఖీల్ అబ్బా, అది చావలే, పండుకున్నది. నువ్వు పండుకుంటే నీమీద ఇటుకలు పెడుతున్ననా?" అంది, కొడుకు పేరుతో మొగుణ్ని పిలుస్తూ. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

విసిగిపోయి ఈసారి గడ్డలన్నీ తవ్వి, వానలకు మళ్లీ నాటుకుందామని బూడిద కలిపి, గోనెసంచిలో మంచం కింద దాచింది. ఇక ఫికర్ లేదనుకుంది.

రంజాన్ నెలలో ఒకరోజు చెల్లెలిని చూడడానికి దవాఖానకు పోయి, ఇఫ్తార్ వేళకు ఇల్లు చేరింది. కోడలు హఫ్సా మటన్‌లో చామగడ్డలు వేసి వండిన కూర వడ్డించింది. రెండు ముద్దలు తినేసరికి మెహరాజ్ ప్రాణం లేచొచ్చింది.

"అచ్చం మా అమ్మ వండినట్టే ఉన్నది బిడ్డా. గడ్డలు ఏడ దొరికినయ్?"

హఫ్సా మామ వైపు చూసింది.

"మంచం కింద సంచిల ఊకెనే పడున్నయ్ గదా. ఇంట్ల పెట్టుకొని అంగడికి పోవుడెందుకని నేనే అన్నీ కడిగిచ్చిన," అన్నాడు హమీద్, ఇంకో ముక్క వేసుకుంటూ.

మెహరాజ్ చేతిలోని ముద్ద పళ్లెంలో వదిలేసింది. ఇటుకల కింద కూడా బతికిన గడ్డ మొగుడి పళ్లెంలో పడి చచ్చిపోయిందే అని ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆమె ఏడుపు చూశాకే హమీద్‌కు విషయం అర్థమైంది.

మరునాడు పొద్దున్నే గడ్డపార పట్టుకుని పెరట్లో దిగాడు. ఎంత ఏరినా మన్నులో ఒకటో రెండో పిల్లగడ్డలు మిగలకపోతాయా అని ఆశ. ఒకటి దొరికింది కూడా. గడ్డపార పోటుకు రెండు చెక్కలైంది.

మెహరాజ్ నెత్తి కొట్టుకుంది. కోతలకు బూడిద అద్ది రెండు చెక్కలూ తనే పాతిపెట్టింది. గడ్డపార లాక్కుని, పెరటి తలుపుకు తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది.

"మరి తానమెట్ల?" అన్నాడు హమీద్ మెల్లగా.

"నేను తాళం తీసినప్పుడు చేయి. నీళ్లు మా అమ్మ దిక్కు పోతున్నయో లేదో చూసుకుంట చేయి."