ఖాళీ సడక్ మీద ఫియట్

తెలంగాణ ఉద్యమం రోజుల్లో, ఒక బంద్ నాడు, బస్సుల్లేక రఘునాథపల్లిలో మూసేసిన పెట్రోల్ బంకు ముందు చిక్కుకుపోయాను. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. ఒక ముసలాయన పాత తెల్ల ఫియట్ కారు ఆపి, "జనగామ దాక పోతున్న, ఎక్కు బిడ్డా" అన్నాడు.

కొంత దూరం పోయాక కారు పక్కకు ఆపాడు. ఒళ్లంతా చెమటలు.

"షుగర్ పడిపోయింది. జర నువ్వు నడుపు."

"నాకు రాదు తాతా!"

"సడక్ మొత్తం ఖాళీగున్నది. నేర్చుకోనీకి గింత మంచి మోక మల్ల దొరకదు."

పక్క సీట్లోకి జరిగి కళ్లు మూసుకున్నాడు. వయసులో ఉన్నప్పుడు బంకులో ఇలాంటి కార్లకే పెట్రోల్ పోసేవాడట. ఇంజను చప్పుడు వింటూ, గేరు ఎప్పుడు మార్చాలో చెబుతూ వచ్చాడు. రెండుసార్లు కారు ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

"ముసల్ది గదా, అలుగుతది. మల్ల స్టార్ట్ చెయ్" అన్నాడు కళ్లు తెరవకుండానే.

జనగామలో రోడ్డు మీద బైఠాయించినవాళ్లు ఆయన్ని చూసి, లేచి, దవాఖానకు దారిచ్చారు. గ్లూకోజు ఎక్కుతుంటే తేరుకొని నవ్వాడు.

"రేపు సడక్ నిండ బండ్లుంటయ్. భయపడకు, గిట్లనే నడుపు."

కంగారులో ఆయన పేరు అడగనేలేదు. ఆ నెలలోనే, మా ఇంటి ఆడవాళ్లలో మొదటిసారి, నేను లైసెన్సుకు దరఖాస్తు పెట్టాను.