చివరి నెలకి నెట్టిన భిన్నాలు

టీచరమ్మకి లెక్కలంటే భయం లేదు, భిన్నాలంటేనే భయం. తల నెరిసేదాకా ఐదో తరగతికి లెక్కలు చెప్పిన మనిషికి ఇదేం రోగమంటారా? ఉంది మరి! ఒకప్పుడో పిల్ల లేచి, "అరని పావుతో భాగిస్తే రెండెలా అయింది టీచర్? భాగిస్తే తగ్గాలిగా!" అంది. టీచరమ్మ నీళ్లు నమిలి, "పుస్తకంలో అలాగే ఉంది, కూర్చో" అంది. ఆ పై ఏడాది నుంచి, బడి తెరవకముందే రాసే ఏడాది ప్రణాళికలో భిన్నాలు ఆఖరి నెలకి జారాయి. ఆఖరి నెల సంగతి తెలిసిందేగా, పరీక్షల హడావుడి. పాఠం గాల్లో కలిసిపోయేది. అడిగేవాళ్లెవరు?

ఈ వేసవిలోనూ వంటింటి బల్ల మీద నిరుటి ప్రణాళిక పెట్టుకుని, తేదీలు మాత్రం మారుస్తూ కూర్చుంది. అంతలో చెల్లెలు కూతుర్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. ఈ పిల్ల ఐదు చదివింది టీచరమ్మ దగ్గరే. ఇప్పుడు ఆరు తప్పింది, అదీ లెక్కల్లోనే. బడి తెరిచేలోగా మళ్లీ పరీక్ష. అదీ పోతే ఆరులోనే ఉండిపోవాలి.

"దీని బుర్రనిండా మట్టే అక్కా! నీ దగ్గర నేర్చుకుని కూడా భిన్నాలు రావంటే ఏమనాలి? నువ్వే నాలుగు తగిలించు."

పిల్ల తలెత్తలేదు. "నాకే అర్థం కాలేదు పెద్దమ్మా" అంది.

నువ్వు చెప్పలేదుగా అని ఎదురు తిరిగినా బాగుండేది! టీచరమ్మ ప్రాణం చివుక్కుమంది. నోరు మూసుకుంటే గండం గడిచిపోతుంది. మట్టిబుర్ర పేరు పిల్ల మోస్తుంది, మంచి టీచరన్న పేరు తనకుంటుంది. ఇన్నేళ్లూ జరిగిందదేగా! సిగ్గుతో ఆవిడ చెవులు వేడెక్కాయి.

"దాన్నేం అనకే" అంది చివరికి. "తప్పు నాది. భిన్నాలు నాకే సరిగ్గా రావు. ఎవరైనా అడుగుతారేమోనని ఏటా చివరికి నెట్టేశాను. దీనికి అసలు చెప్పనేలేదు."

చెల్లెలు వేళాకోళమనుకుని నవ్వబోయింది. అక్క మొహం చూసి ఆగిపోయింది.

టీచరమ్మ ఆఖరి నెల్లో భిన్నాలు కొట్టేసి, మొదటి నెల్లో రాసింది. "రేపట్నుంచి పొద్దున్నే రావే తల్లీ. ఇద్దరం కలిసి నేర్చుకుందాం. పరీక్ష గట్టెక్కుతావు, నాదీ పూచీ" అంది.

చెల్లెలు ఇదేమీ వినడం లేదు. పట్టుకున్న రెక్క వదిలేసి, కూతురివంకే చూస్తోంది.

"ఈ భిన్నాల కోసం ఏడాదంతా దీన్ని కొట్టానే, అక్కా!" అంది.