కరువులో నిగనిగలాడిన కుక్క

"రేపటికి పాలు పూర్తిగా ఇంకిపోతే దీన్నెలా బతికించుకోవాలిరా?"

తర్ఫా ఆ మాట అన్నది తమ్ముడు సత్తామ్‌తో. ఒళ్లో పసిపిల్ల వట్టి రొమ్మును చీకి చీకి ఏడుస్తోంది. ఆ ఏడు నల్లరాళ్ల ఎడారిలో చినుకు పడలేదు. మేకలు వట్టిపోయాయి. మొగుడు ఒంటెల్ని తోలుకుని మేత కోసం ఉత్తరానికి వెళ్లాడు. గుడారంలో మిగిలినవి కాసిని ఖర్జూరాలు. మాంసం కావాలంటే గెంతుడెలుకలే గతి.

పిడికెడు జంతువు. పొడుగాటి వెనక కాళ్లు, తోక చివర తెల్లటి కుచ్చు. పగలు కన్నం మూతికి లోపలి నుంచి మట్టి కూరుకుని పడుకుంటుంది. మరోవైపు పైకి ఇంకో దారి తవ్వి, చివర పలచటి మట్టిపొర వదిలేస్తుంది. ఆపద వస్తే దాన్ని తలతో పొడుచుకుని ఒక్క గెంతున మాయమవుతుంది. అందుకే దాని వేట ఇద్దరి పని. ఒకరు తవ్వాలి, ఒకరు ఆ పొర మీద బట్ట పట్టుకుని కాచుకోవాలి.

తర్ఫా తల దించుకుని తవ్వేది. సత్తామ్ పొద అవతల, ఆమెకి కనపడని చోట, పొర దగ్గర కాచేవాడు.

"పోయిందక్కా. నువ్వు రొప్పే రొప్పుకి చచ్చింది కూడా లేచి పారిపోతుంది."

"నీ చేతులకి వెన్న రాసుకొచ్చావేమో చూసుకో."

ఇద్దరూ నవ్వుకునేవారు. ఎప్పుడో ఒకటి అక్క చేతిలో పెట్టేవాడు. తల్లి పోయాక తర్ఫా చంకనేసుకుని పెంచిన తమ్ముడు వాడు. అనుమానం ఎలా వస్తుంది?

ఒక పొద్దున సత్తామ్ వేటకుక్క వచ్చి ఆమె కాళ్ల దగ్గర పడుకుంది. చుట్టుపక్కల గుడారాల్లో ప్రతి కుక్కకీ డొక్కలు కనిపిస్తున్నాయి. దీని ఒళ్లు నిగనిగలాడుతోంది. తర్ఫా దాని దవడ తెరిచి చూసింది. పళ్ల సందున తెల్లటి వెంట్రుకలు.

"కుక్కకేం పెడుతున్నావురా?"

"దొరికిందేదో తింటోంది."

"తోక కుచ్చులు కూడా తింటోందే."

సత్తామ్ కుక్క మెడ నిమిరాడు. "బలంగా ఉంటే కుందేళ్లని పడుతుందక్కా. పడితే నీకేగా పెట్టేది."

"పట్టిందా?"

వాడు కుక్కని తన వైపు లాక్కున్నాడు.

తర్ఫా అరవలేదు. పార వాడి చేతికిచ్చి, "ఇవాళ నువ్వు తవ్వు," అంది. తను వెళ్లి పొర మీద పైబట్ట పరిచి, పక్కనే బోర్లా పడుకుంది. మట్టి పగిలింది, బట్ట కింద గెంతుడెలుక కొట్టుకుంది. దాన్ని నిప్పుల మీద కాల్చి, పిల్లని రొమ్ముకి పెట్టుకుని, తమ్ముడి ఎదురుగానే తింది. కుక్కకి ఎముక కూడా వెయ్యలేదు. ఆ రోజు నుంచి కాపలా ఆమెదే. మెల్లగా పాలు పడ్డాయి. పిల్ల దక్కింది.

తర్వాత తమ్ముడి పెళ్లిలో పాడింది, వాడి బిడ్డలకి పురుళ్లు పోసింది. వాడు కాఫీ అందిస్తే మాత్రం, ఈ ముసలితనంలో కూడా, కప్పులోకి ఒకసారి చూడందే తాగదు.

మొన్న, కరువులో దక్కిన ఆ పిల్ల కూతురికి పాప పుట్టింది. పాప ఒళ్లు కాస్త వెచ్చబడినా, ఒక గుక్క తక్కువ తాగినా ఆ అమ్మాయికి గుండె దడ. ఇంటినిండా సాయం చేసేవాళ్లే, చెయ్యనిస్తుంది కూడా. పాప నోట్లోకి వెళ్లేది మాత్రం తన చేత్తోనే కలుపుతుంది, తనే రుచి చూస్తుంది. పురిటి రోజున తర్ఫా చెప్పిన మాట అది.

"తవ్వే పని ఎవరికైనా ఇవ్వు తల్లీ. పొర దగ్గర మాత్రం నువ్వే కూర్చో."