మందు పోసిన చేయి

నెలలో మొదటి ఆదివారం మా మదనపల్లె చర్చిలో ప్రభు బల్ల, అంటే యేసు కడరాత్రి భోజనానికి గుర్తుగా రొట్టె పంచుకోవడం ఉంటుంది. రొట్టె పళ్లెం తిప్పే ముందు పాస్టరు అయ్యగారు ఒక మాట చెబుతారు. ఎవరికైనా అన్యాయం చేసి సరిచేసుకోనివాళ్లుంటే ముందు ఆ పని చూసుకొని రమ్మంటారు. సంఘ పెద్దను కాబట్టి పళ్లెం పట్టుకొని తిప్పాల్సింది నేనే. అందుకే ఆరేళ్లుగా ఆ ఆదివారం వస్తోందంటే ముందు రోజే కుప్పంలో ఉన్న మా అక్క ఇంటికి బస్సెక్కేవాణ్ణి. అక్కకు కీళ్ల నొప్పులని, చూసి రావాలని చెప్పేవాణ్ణి. ఇలాంటి తమ్ముడు ఎవరికుంటాడని చర్చిలో మెచ్చుకునేవారు. ఆ మెప్పు కూడా కాదనకుండా తీసుకున్నాను.

నేను పుంగనూరు దగ్గర ఒక పల్లెలో పశువుల ఆస్పత్రి అటెండరుగా పనిచేశాను. డాక్టరు నాలుగైదు ఊళ్లు తిరిగేవాడు. ఊళ్లో ఎప్పుడూ ఉండేది నేనే గనక అందరూ నన్నే డాక్టరప్పా అనేవారు. ఆ పిలుపు నాకు ఇష్టం.

రిటైరయ్యే రోజు మధ్యాహ్నం ఒకామె పరుగెత్తుకొచ్చింది. భర్త లేని మనిషి. ఇంకొకరి ఆవును సగం వాటాకు మేపి బతికేది. ఆవు ఈనితే ఒక దూడ యజమానికి, తర్వాతి దూడ ఆమెకు. ఆ ఆవుకు కడుపుబ్బరం వచ్చింది. పక్క ఊళ్లో నాకు శాలువా కప్పే సభ పెట్టుకొని, జనం అప్పటికే కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. వెదురు గొట్టంలో మందు నింపుకొని వెళ్లాను. తలను వెన్ను కంటే పైకి ఎత్తకూడదు, నాలుక లాగకూడదు, దగ్గితే వెంటనే వదిలెయ్యాలి. ముప్పయ్యేళ్లుగా తెలిసిన సంగతులు. తొందరలో నాలుక పక్కకు లాగి, మూతి పైకెత్తి పోశాను. ఆవు దగ్గింది.

"దగ్గుతాండాది అప్పా, నిలుపు," అంది ఆమె.

"నాకు నేర్పిస్తావా నువ్వు?" అని మిగిలిందీ పోసేశాను.

మందు ఊపిరితిత్తుల్లోకి పోయింది. మూడో రోజు ఆవు చచ్చిపోయింది. ఆ సాయంత్రం పాల సెంటరు దగ్గర క్యాన్లు పట్టుకొని నిలబడ్డవాళ్లు ఏమైందని నన్నే అడిగారు. ఆమె కూడా అక్కడే ఉంది. "నాము తగిలింది," అన్నాను. వానలు లేనప్పుడు కోసిన జొన్న మోళ్ల నుంచి లేచే పిలకల్లో విషం ఉంటుంది. అదే నాము. గొడ్లను అందులోకి తోలినవాళ్లను మా వైపు ఎవరూ క్షమించరు. "నా మందు పడబట్టి మూడు రోజులు నిలిచింది," అని కూడా అన్నాను.

"నేను తోల్లేదప్పా," అంది ఆమె. ఒక్కసారే అంది. డాక్టరప్ప మాట ముందు ఆ మాట ఎవరు వింటారు? ఆ తర్వాత ఆమెకు ఎవరూ గొడ్డును ఇవ్వలేదు. కొన్నాళ్లకు మదనపల్లె టమోటా మార్కెట్లో కాయలు ఏరుతూ కనిపించింది. నేను రోడ్డు దాటి అవతలి వైపు నడిచాను.

ఇన్నేళ్లూ నా ప్రార్థన ఒకటే. క్షమించమని కాదు, బయటపడనివ్వొద్దని.

పోయిన వేసవిలో కుప్పంలో అక్క నన్ను పట్టేసింది. అక్కడి చర్చిలోనూ మొదటి ఆదివారమే బల్ల. అన్నం పెడుతూ అడిగింది.

"పళ్లెం వచ్చేలోగా సెప్పులేసుకొని బయటికి పోతాండావు. యాల రా?"

చెప్పాను. అంతా విని, చేతిలోని గరిటె కింద పెట్టింది.

"దేవునికి తెలిస్తే సిగ్గు లేదు గానీ, పాల సెంటరోళ్లకు తెలిస్తే సిగ్గా నీకు?"

తర్వాతి వారం ఆ పల్లెకు వెళ్లాను. ఆమె వాకిట్లో చెనక్కాయలు ఒలుస్తోంది. నిలబడే చెప్పాను, కూర్చోమని ఆమె అనలేదు.

"ఆ పొద్దే తెలుసప్పా నాకు," అంది. "దగ్గింది నా ముందరే కదా. తెలిసిన దానికి యాల సెప్తాండావు? ఆడ సెప్పు, సెంటరు కాడ."

"అందరి ముందరా... వయసయిపోయిందమ్మా నాకు."

"నాకు కాలేదా?"

మర్నాడు మొదటి బస్సుకు మళ్లీ బయల్దేరాను. బస్సులో పుంగనూరు దాకా ఒకటే ఆలోచన. తువ్వాలు నడుముకు కట్టుకొని శిష్యుల కాళ్లు కడిగిన ప్రభువు గురించి నేను చర్చిలో ఎన్నోసార్లు చెప్పాను. తనను తాను తగ్గించుకోవడం అంటే మెల్లగా మాట్లాడడం, వెనక బెంచీలో కూర్చోవడం అనుకున్నాను. సిలువకు తీసుకుపోయిన రోజు జనం నవ్వుతుంటే, ఉమ్మేస్తుంటే, ఆయన తన పేరు కాపాడుకోవడానికి ఒక్క మాట మాట్లాడలేదు. నేను నా పేరును ఒక ఆడమనిషి కూటితో కాపాడుకున్నాను. నవ్వకుండా చూడు ప్రభువా అని అడగలేకపోయాను. నవ్వినాక కూడా నిలబడేలా చూడమని మాత్రం అడిగాను.

సెంటరు దగ్గర ఇరవై మంది దాకా ఉన్నారు. చెప్పేశాను. వెనకవాళ్లకు వినపడక రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

"అట్లయితే ఆవును సంపింది నువ్వేనా?"

"నేనే."

"శాలువా వాపసు ఇచ్చెయ్యప్పా!" అన్నాడొకడు. అందరూ నవ్వారు. ఆరేళ్లు నేను భయపడింది ఈ నవ్వుకే. ఒక క్యాను పాలు కొలిచేంతసేపు ఉంది, అయిపోయింది. నేను అక్కడే ఉన్నాను.

ఆవు యజమాని మాత్రం నవ్వలేదు. "ఆరేళ్లు ఆయమ్మ మొగం సూడలేదు నేను," అని, నా మొగమూ చూడకుండా ఖాళీ క్యాను తీసుకొని వెళ్లిపోయాడు.

ఆమె వచ్చిందని అప్పుడు చూశాను. క్యాను లేకుండా గోడ పక్కన నిలబడి ఉంది.

"ఈళ్లల్లో ఇంగా గొట్టంతో పోసేటోళ్లు ఉండారు," అంది. "ఎట్ల పొయ్యల్లో సూపించి పో."

అక్కడ కట్టేసిన దూడ మూతి పట్టుకొని, ఉత్త గొట్టంతోనే చూపించాను. తల ఇంతకంటే లేపొద్దు, నాలుక ముట్టుకోవద్దు, కొంచెం కొంచెంగా పోయాలి. నవ్వినవాళ్లు కూడా దగ్గరికి వచ్చి చూశారు.

"దగ్గితే?" అని ఆమె అడిగింది.

"ఇడిసిపెట్టల్ల."

"నిలుపమని ఎవురు సెప్పినా?"

"ఎవురు సెప్పినా ఇడిసిపెట్టల్లమ్మా."

ఆమె తల ఊపి పనికి వెళ్లిపోయింది. నన్ను క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

ఆ తర్వాతి మొదటి ఆదివారం కుప్పం పోలేదు. ఎందుకు రాలేదని అక్క ఫోన్ చేసి అడగనూ లేదు. పళ్లెం తిప్పడానికి ముందు అయ్యగారితోనూ సంఘంతోనూ ఇదంతా చెప్పాను. పళ్లెం ఈ నెల వేరొకరు తిప్పితే మంచిదని అయ్యగారు అన్నారు, సరేనన్నాను. నా వంతు రొట్టె చివరి బెంచీలో కూర్చొని తీసుకున్నాను. ఆమెకు ఎవరైనా ఆవును ఇచ్చారో లేదో ఇంకా తెలియదు. తెలుసుకోవాలంటే మళ్లీ ఆ ఊరికి పోయి, ఆ సెంటరు ముందే బస్సు దిగాలి.