సుహాసిని తెర మీది చీర

పోచంపల్లిలో మా పక్కింటి సుహాసిని ఒక తగాదా గెలవడం నేను కళ్లారా చూశాను. ఆమె నాయిన లచ్చయ్య మగ్గం చప్పుడుకు నిద్ర పట్టడం లేదని, మేడ మీద కిరాయికున్న విజేందర్ ఒక పొద్దున గొడవకు దిగాడు.

“ఐదింటికే టకటక మొదలువెడ్తడు మీ బాపు. పైన మనుషులున్నరని ఎరుక లేదా?”

అప్పటికి డిగ్రీ చదువుతున్న సుహాసిని లోపలికి వెళ్లింది. ఫోను తెచ్చింది. అందులో తను తయారుచేసిన వెబ్ పేజీ ఒకటుంది. మైకు ఎంత చప్పుడు వింటే తెర మీద గీత అంత ఎత్తు లేస్తుంది. మగ్గం దగ్గర పెడితే గీత బొటనవేలంత లేచింది. మెట్లెక్కి విజేందర్ కిటికీ దగ్గర పెట్టింది. లోపల టీవీ మోగుతోంది. గీత తెర దాటిపోయింది. కిందికి దిగొచ్చి అతనికి చూపింది.

“చూడన్నా. మా మగ్గం ఏడింటికే పండుకుంటది. నీ టీవీ పదకొండు దాక మేలుకుంటది. ఎవరు బంద్ చెయ్యాలె?”

“మిషిన్ వట్టుకొచ్చి బెదిరిస్తున్నవా?”

“బెదిరిస్తలేను. సూపిస్తున్న.”

విజేందర్ మెట్లెక్కిపోయాడు. “టీవీ గొంతు జర తగ్గించు బిడ్డా” అని నేనూ వెనక నుంచి ఒకటి వేశాను. ఊరుకుంటే నాకు అన్నం సహించదు.

తర్వాత ఆమెకు హైదరాబాదులో ఉద్యోగం దొరికింది. హాస్టల్లో మంచముంది, ఫ్యానుంది, మగ్గం చప్పుడు లేదు. తల్లి చిన్నప్పుడే పోయిన పిల్ల. ఆ చప్పుడు వినబడితే నాయిన ఇంట్లో ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. అందుకని ఇంకో పేజీ కట్టింది. ఇక్కడ మగ్గం పక్కన పాత ఫోను ఉంటుంది. లచ్చయ్య పోగును బిగించే పలక కొట్టిన ప్రతి దెబ్బకూ అక్కడ ఆమె కంప్యూటర్ తెర మీద ఒక పోగు పడుతుంది. అట్లా చీర పెరుగుతుంది.

మొదట్లో ఒక్క పోగూ పడలేదు. నాకు ఫోను చేసింది.

“అవ్వా, బాపు మగ్గం మీద లేడా?”

“లేకేం. నా చెవులు తూట్లు పడుతున్నయి.”

మనిషి మాట బాగా వినబడాలని, మాట కాని చప్పుడునంతా ఏరి పారేసే ఏర్పాటు ఆ పేజీలో దానంతటదే నడుస్తుందట. దానికి మా మగ్గం చెత్త కింద లెక్క. ఇది కనిపెట్టడానికి ఆమెకు ఇరవై రోజులు పట్టింది. ఆ ఏర్పాటు తీసేశాక పోగులు పడ్డాయి. రోజూ సాయంత్రం ఆరింటికి పని ముగించుకుని ఆ తెర ముందు కూర్చునేది.

రెండేళ్లు గడిచేసరికి లచ్చయ్య చూపు తగ్గింది. కండ్ల దవాఖానకు నేనే వెంట వెళ్లాను. నరం ఎండిపోయింది, పోయిన చూపు తిరిగి రాదన్నారు. వచ్చేటప్పుడు బస్సులో అతను నా చెయ్యి పట్టుకున్నాడు.

“పెద్దమ్మా, పిల్లకు చెప్పకు. తెలిస్తే నౌకరి ఇడిసిపెట్టి వస్తది.”

మా దగ్గర నేసేది చిటికి చీర. పోగుకు ముందే రంగులద్ది ఉంటాయి. నాలుగు పోగులు వేసి ఆగి, వంగి చూసి, వేలితో పోగును జరిపితేనే పువ్వు పువ్వుగా కుదురుతుంది. కళ్లు లేకుంటే పువ్వు చెదిరిపోతుంది. సగం చీర మగ్గం మీదే ఆగింది. అయినా సాయంత్రం ఆరయ్యేసరికి లచ్చయ్య మగ్గమెక్కేవాడు. పోగు వెయ్యకుండా ఉత్త పలక కొట్టేవాడు, అక్కడ బిడ్డ తెర నిండాలని. గడపలో నిలబడి చూశాను.

పోయిన నెల సుహాసిని వచ్చింది. నాయిన పడుకున్నాక మా అరుగు మీదికొచ్చి కూర్చుంది.

“అవ్వా, బాపుకు కండ్లు ఎప్పటిసంది కనవడ్తలేవు?”

“ఎవరన్నరు నీకు?”

“తెరనే చెప్పింది. మూడు నెలలసంది బాపు ఒక్కపారి గూడ ఆగలే. చిటికి నేసేటోడు ఆగకుంట కొడ్తడా?”

కంప్యూటర్ తెరిచి చూపింది. పాత రోజుల చీరలో నాలుగు పోగులు, ఒక ఖాళీ, మళ్లీ నాలుగు పోగులు. కొత్తదాంట్లో ఒకటే ఎరుపు, సందు లేకుండా.

“గా ఖాళీలే నాకు కావాలె అవ్వా. బాపు వంగి పువ్వు చూస్తున్నడని నేను గూడ ఆడ ఊపిరి వట్టుకుంటుంటి.”

“మరి పోయి అడుగు నీ బాపును.”

“అడిగితే కొట్టుడు బంద్ వెడ్తడు. గా చప్పుడు గూడ ఉండది నాకు.”

కొంగుతో మొహం తుడుచుకుందామంటే నాకు సిగ్గేసింది. ఊరికే దగ్గాను. ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసింది.

“నీకొక తువ్వాల నేసియ్యుమని అడుగు. ఉత్త తెల్ల పోగుది, పువ్వులేం వద్దు. దానికి కండ్లెందుకు, చేతులకే ఎరుక. ఉత్తగ కొట్టుడు గాకుంట నిజంగ నేస్తడు. నేను చెప్పిన్నని మాత్రం అనకు.”

“నేనా? పుట్టినసంది ఎవర్నన్న ఒక్కటి అడిగిన్నానే నేను?”

“గందుకే నిన్ను అడుగుమంటున్న. నువ్వు అడిగితే నిజంగ అక్కర ఉన్నదనుకుంటడు. రేపు పొద్దుగాల్నే పోయి అడుగు అవ్వా.”